పెడల్ రెండుసార్లు నొక్కితే

ఆ ఉదయం ఆమె వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. పెదనాన్నను వెంటబెట్టుకుని దంతవైద్య కళాశాలకు వెళ్ళడం, ఆయన పుచ్చుపన్ను నింపడం, పరీక్ష గట్టెక్కడం, అంతే. కిందటిసారి చెయ్యి వణికి పరీక్ష పోయింది. ఈసారీ పోతే చదువు మానిపిస్తానని నాన్న తెగేసి చెప్పాడు. ఆ కళాశాలలో పరీక్షకు పేషెంటును ఎవరికి వారే తెచ్చుకోవాలి. పెదనాన్న పన్ను సమయానికి పుచ్చడం ఒక్కటే ఆ ఏడాది ఆమెకు కలిసొచ్చిన విషయం.

"ఈమధ్య మనుషులకెవరికైనా చేశావా తల్లీ?" దారిలో పెదనాన్న బిక్కుబిక్కుమంటూ అడిగాడు.

"రోజూ ప్రాక్టీసు మిషన్ మీద చేస్తున్నా పెదనాన్నా. కళ్ళజోడు తగిలించుకుంటే ఎదురుగా నోరు కనిపిస్తుంది. డ్రిల్లు పెడితే పన్ను చేతికి గట్టిగా తగులుతుంది. అచ్చం నిజంలాగే."

"తప్పు చేస్తే?"

"కింద పెడల్ రెండుసార్లు నొక్కితే పన్ను మళ్ళీ కొత్తదైపోతుంది."

"నాకెక్కడుంది ఆ పెడల్?" అన్నాడు పెదనాన్న. ఆమె నవ్వింది గానీ ఆయన నవ్వలేదు.

వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షాధికారి ముఖం చూస్తే ఆయనకే పన్ను నొప్పేమో అనిపించేది. ఆయన హాలుకు ఆ చివర ఇంకెవరి నోట్లోకో తొంగిచూస్తున్నాడు. మత్తు ఇంజక్షన్‌తో పెదనాన్నకు సగం మూతి మొద్దుబారింది. పని కాసేపు సాఫీగానే సాగింది. ఇంతలో పెదనాన్న నాలుక కదిలింది. మిషన్‌లోని నోటికి నాలుక లేదు. డ్రిల్లు జారి పక్కనున్న మంచి పన్ను మీద గీత పడింది.

బుర్ర కంటే ముందు ఆమె కాలు కదిలింది. కిందనున్న పెడల్‌ను వెతికి పట్టుకుని టకటకా రెండుసార్లు నొక్కేసింది.

పన్ను కొత్తది కాలేదు. ఆ పెడల్ కుర్చీది. కుర్చీ లేచి పెదనాన్నను నిటారుగా కూర్చోబెట్టింది.

"అయిపోయిందా? చల్లగా ఉండు తల్లీ!" అంటూ ఆయన పక్కనున్న ఎర్రటి మందునీళ్ళు పుక్కిలించి, దిగి, బతుకుజీవుడా అని తలుపు వైపు నడిచాడు. మెడలో గుడ్డ చివర తగిలి పనిముట్ల పళ్ళెం భళ్ళున పడింది. తిమ్మిరెక్కిన పెదవుల్లోంచి ఎర్రనీళ్ళు కారుతున్న సంగతి ఆయనకు తెలియదు.

బయట బల్లల మీద మిగతా విద్యార్థుల పేషెంట్లు వంతు కోసం కూర్చున్నారు. లోపల పెద్ద చప్పుడైంది. గడ్డం నిండా ఎర్రగా కారుతున్న పెద్దమనిషి బయటికి వచ్చాడు. వెనకాలే ముఖానికి ముసుగుతో ఒకమ్మాయి "ఆగండి, ఇంకా ఉంది!" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. క్షణంలో బల్లలు ఖాళీ. ఒకాయన మరుగుదొడ్లో దూరి గడియ పెట్టుకున్నాడు. "బాబాయ్, నీకు దణ్ణం పెడతా, వెనక్కి రా!" అంటూ తెల్లకోట్లన్నీ గేటు వైపు పరుగుతీశాయి. దొంగలు పడ్డారనుకుని వాచ్‌మన్ గేటు మూసేశాడు. అందువల్లే పరీక్ష ఆగిపోలేదు.

అందరినీ బతిమాలి కూర్చోబెట్టాక ఆమె పెదనాన్న పుచ్చుపన్ను నింపింది. పరీక్షాధికారి వచ్చి, నింపిన పన్నును మాత్రం చూశాడు.

"బాగుంది. పాస్."

ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషంతో మాత్రం కాదు.

"పక్క పన్ను గీసేశాను సార్."

"నేను చూళ్ళేదే!"

"నేను చూశాను సార్."

ఆయన మళ్ళీ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "చెప్పకుండా ఉండాల్సింది," అని నిట్టూర్చి, మార్కుల కాగితం మీద రాసిన పాస్ అన్న మాటను కొట్టేశాడు.

తిరుగుదారిలో ఆమె ముఖం ఎత్తలేదు. "క్షమించు పెదనాన్నా. మంచి పన్ను పాడుచేశాను. ఇంక నాన్న చదివించడు."

"మీ నాన్నతో నేను మాట్లాడతాలే," అన్నాడు పెదనాన్న మూతి వంకరగా పెట్టి. "నువ్వు గీసిన పన్ను ఉందిగా, మళ్ళీ పరీక్షకు దానికి వైద్యం చేద్దువుగాని."

ఆయన మాట్లాడాడు, నాన్న ఒప్పుకున్నాడు. ఆనాటి నుంచి ఆమె ఎదురుపడితే చుట్టాలంతా పళ్ళు కనబడనీయకుండా మూతి బిగించే నవ్వుతున్నారు.