పద్దెనిమిది నిమిషాల చల్లదనం

ఆదివారం పదింటికి కారు చూడడానికి మనుషులొస్తారు. పదీ పదిహేనుకల్లా నాలుగు వీధులు తిప్పి వాళ్లను దింపెయ్యాలి. రికార్డు గది గుమాస్తా రెండు వారాలు ఆలోచించి వేసిన పథకం ఇది.

ఆ కారులో ఏసీ పద్దెనిమిది నిమిషాలు చల్లగా వస్తుంది. ఆ తర్వాత ఉక్కపోత. పావుగంట ఆపితే మళ్లీ చల్లగా వస్తుంది. మెకానిక్ దగ్గరికి మూడుసార్లు తీసుకెళ్తే, మూడుసార్లూ అక్కడ బుద్ధిగా పనిచేసి గుమాస్తా పరువు తీసింది. నాలుగోసారి మెకానిక్ విసుక్కుంటూ చెప్పాడు. "లోపల మంచు కడుతోంది సార్. గాలి ఆడట్లేదు. ఆపితే కరుగుతుంది. సెన్సార్ మార్చాలి."

మార్చడం కొనేవాడి ఖర్మ అనుకున్నాడు గుమాస్తా. ఇరవై రెండు ప్రయాణాల నిమిషాలు కాగితం మీద రాసి సగటు తీశాడు. రోగానికి మందు వెయ్యకుండా టైంటేబుల్ వేసిన మనిషి ఇంకొకడు ఉండడు.

గడువు పెట్టింది భార్య. కారు ఆవిడ పేరు మీదుంది. "ఈ ఆదివారం అమ్ముడుపోకపోతే మా తమ్ముడికిచ్చేస్తాను. మీతో వేగడం నావల్ల కాదు." బావమరిది ఆ కారులో ఊరేగడం చూసేకన్నా కళ్లు పోవడం మేలనుకున్నాడు గుమాస్తా.

చెప్పిన వేళకే మందుల షాపాయన వచ్చాడు. వెంట తల్లి. డబ్బు ఆవిడది. ఎండలో కూడా చెవులకు మఫ్లర్ చుట్టుకుని వెనక సీట్లో కూర్చుంది.

"ఏసీ ఎలా ఉంటుంది సార్?" అన్నాడు కొడుకు.

"ఆగడమన్నది దానికి తెలీదు."

"అయితే నాకొద్దు." తల్లి తలుపు తీసి కాలు కింద పెట్టింది.

"చలేస్తే బటన్ నొక్కి ఆపేయొచ్చమ్మా."

"బటన్ ఎవడి చేతికి అందుతుంది నాయనా? వీడికి! వీడు నా మాట విన్నదెప్పుడు?"

"అమ్మా, మళ్లీ మొదలుపెట్టకు," అని కొడుకు బానెట్ ఎత్తి చూడ్డానికి వెళ్లాడు.

గుమాస్తా గబగబా వెనక తలుపు దగ్గర వంగాడు. "మీకొక్కరికే చెబుతున్నా. పద్దెనిమిది నిమిషాలే. తర్వాత అదే నోరు మూసుకుంటుంది."

ఆవిడ కాలు లోపలికి తీసుకుంది. "చూపించు."

ఇది పథకంలో లేదు. అయినా కొడుకు వచ్చి ఎక్కగానే బండి కదిలించాడు. పద్దెనిమిదో నిమిషం వచ్చింది. చల్లగానే ఉంది. పాతిక. ఇంకా చల్లగా ఉంది. తిప్పిన వీధులే మళ్లీ మళ్లీ తిప్పాడు.

"ఇంకా ఎంతసేపు?" అంది తల్లి, పళ్లు టకటకలాడుతుండగా.

"ఇదిగో, వచ్చేస్తుందమ్మా."

"ఏం వచ్చేస్తుంది సార్? ఎందుకలా మాటిమాటికీ వాచీ చూస్తున్నారు?" అన్నాడు కొడుకు.

నలభయ్యో నిమిషానికి ఆవిడ ముక్కు ఎర్రబడింది. "ఆగిపోతుందన్నావుగా! పెద్దదానితో అబద్ధమా?"

"ఆగిపోతుందా?" కొడుకు గిర్రున తిరిగాడు. "నాతో ఆగదన్నారు!"

గుమాస్తా బండి పక్కకు ఆపి, జేబులోంచి కాగితం తీశాడు. "చూడండి. ఇరవై రెండు ప్రయాణాలు. ఒట్టు, ఆగుతుంది!"

కొడుకు చదివి తల్లికిచ్చాడు. ఆవిడ చదివి మడిచి గుమాస్తా ఒళ్లో పడేసింది. చాలా ఏళ్ల తర్వాత తల్లీకొడుకులు ఒక్క మాట మీదికొచ్చారు. ఇద్దరూ దిగి బస్సెక్కారు.

ఇంట్లో భార్య తాపీగా బట్టలు మడతపెడుతోంది. "ఆగలేదా? ఎందుకాగుతుంది? నిన్న మా తమ్ముడొచ్చి సెన్సార్ మార్చి వెళ్లాడు. ఎలాగూ నాదేగా అక్కా అన్నాడు."

"నాతో ఒక్క ముక్క చెప్పొద్దూ?"

"చెబితే అమ్మేసేవారుగా."

సోమవారం బస్సు తప్పిపోయింది. బావమరిది అదే కారు పక్కన ఆపి తలుపు తీశాడు. వేళ మించిపోతోంది. గుమాస్తా ఎక్కాడు.

"బావగారూ, చలేస్తే మొహమాటపడకండి, చెప్పండి. ఆపేస్తాను."

గుమాస్తాకు చలేసింది. చెప్పలేదు.