లెక్క తప్పిన సూది

ముందు లాఠీ చప్పుడు ఊచల వెంట టకటకమంటూ వచ్చేది. వెనుకే హెడ్ వార్డరు గొంతు. ఆ గొంతుకు జైలు పెట్టుకున్న పేరు పిడుగు.

ఆ ఉదయం చప్పుడు ఆక్యుపంక్చర్ గది ముందు ఆగింది. మత్తుబిళ్ళలకు అలవాటుపడ్డ ఖైదీల చెవులకు సన్నని సూదులు గుచ్చి, కాసేపు కదలకుండా కూర్చోబెట్టడం అక్కడి డాక్టరమ్మ వైద్యం. మొదటి కుర్చీ వణుకుది. చేతులు నిలవని ముకుందాన్ని అందరూ అలాగే పిలిచేవారు. ఈ సూదులు మొదలయ్యాకే అతని చేతిలో టీ గ్లాసు తొణకడం మానింది.

"గుండుసూదులతో వ్యసనాలు పోతాయా అమ్మా? ఎవరి చెవిలో పూలు పెడతారు?" అన్నాడు పిడుగు.

"పూలు కాదు, సూదులే పెడతాను. కూర్చోండి."

పరువు కోసం కూర్చున్నాడు. కళ్ళు మూతపడుతుండగా సూపరింటెండెంటు నుంచి పిలుపు. సూదులు తానే పీకి పళ్ళెంలో పడేసి, టోపీ చెవులదాకా లాక్కుని పరుగెత్తాడు.

తీరా డాక్టరమ్మ లెక్కపెడితే ఒక సూది తక్కువ. "నావన్నీ ఇచ్చేశానమ్మా, ఆమాత్రం లెక్క రాదా నాకు?" అన్నాడు పిడుగు. జైలులో సూది పోతే ఏనుగు పోయినట్టే. సాయంత్రంలోగా దొరక్కపోతే ఈ వైద్యమే బందు అన్నాడు సూపరింటెండెంటు.

సోదా మొదలైంది.

"బాబూ, కాస్త ఆ పరుపు ఎత్తుతావా నాయనా?" అన్నాడు పిడుగు.

బ్యారక్ బిగుసుకుపోయింది.

"తిట్టడం లేదురోయ్! ఇవాళ ఎవరికో మూడింది!" గొణిగాడు ముసలి జేబుదొంగ. అడగకముందే బీడీకట్ట తీసిచ్చాడు. అది చూసి ఇంకొకడు సెల్‌ఫోను, మరొకడు మేజోడులో దాచిన బిళ్ళలు. గుట్ట పెరిగింది, సూది మాత్రం లేదు.

"సూది వెతకమంటే సంత పెట్టావేమయ్యా!" అంటూ సూపరింటెండెంటు వచ్చాడు.

గుట్టలోంచి ఒక తెల్లబిళ్ళ దొర్లి వణుకు కాలివేలికి తగిలింది. వంగితే అందుతుంది. దాన్ని చూడలేక, చూడకుండా ఉండలేక, అతను బలవంతంగా తల పైకెత్తాడు. పిడుగు టోపీ అంచున ఏదో తళుక్కుమంది.

చెబితే తన వీపు చిట్లుతుంది. చెప్పకపోతే రేపటినుంచి ఆ బిళ్ళే గతి.

"అయ్యా... మీ చెవి."

పిడుగు చెవి తడుముకున్నాడు. సూది చేతికొచ్చింది. ఖైదీలందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

సూపరింటెండెంటు సూదిని చూశాడు, గుట్టను చూశాడు. "ఇంత సరుకు బయటపెట్టిన వైద్యాన్ని ఆపితే నన్ను లోపలేస్తారు. సాగనివ్వండి. ఇంతకీ సూది కనిపెట్టిందెవరు?"

పిడుగు గొంతు సవరించుకున్నాడు. సూది చెవిలో లేదు కనుక, బ్యారక్ మొత్తం చెవులు మూసుకుంది.

"మన ముకుందం గారండీ."