డాక్టరు బల్ల ఎక్కిన రోజు

ఒక పెద్ద అడవిలో ఆస్పత్రి లేనంతకాలం జబ్బులు తక్కువగా ఉండేవి. ఆస్పత్రి వచ్చాక, పక్షులకు రొమ్ము చిన్నగా ఉండటం కూడా జబ్బేనని తెలిసింది.

ఆ జబ్బుకు ఆపరేషన్ ఉంది. రొమ్ము మీద ఈకలు తొలగించి, చిన్న కోత పెట్టి, తుమ్మబంకలో తడిపిన బూరుగుదూది ఉండలు లోపలికి కూరి కుట్టేస్తారు. చేసే డాక్టరు వడ్రంగిపిట్ట. ఆయనకున్న అనుభవం ఆ అడవిలో ఇంకెవరికీ లేదు. టేకు, మద్ది, వేగిస, ఆయన ముక్కు పడని చెట్టు లేదు. ఇన్నేళ్లలో ఒక్క చెట్టు కూడా ఫిర్యాదు చేయలేదు.

వకుళ అనే గువ్వ ఆ ఆపరేషన్ చేయించుకుందామనుకుంది. మొగుడు అడగలేదు, ఇరుగుపొరుగు ఎత్తిపొడవలేదు. వాగునీళ్లలో తన నీడ చూసుకున్నప్పుడల్లా ఇంకొంచెం నిండుగా ఉంటే బాగుండునని ఆమెకే అనిపించేది. ఆ మాట దాచుకోలేదు, దానికి సిగ్గుపడనూ లేదు.

ఒక్కటే సందేహం. వానలు మొదలైతే గుడ్లు పెడుతుంది. గువ్వలు పిల్లలకు పురుగులు పెట్టవు. మెడ కింద సంచిలో ఊరే పాలు పడతాయి. ఆ సంచి పక్కనే కోత పెడితే పాలు ఊరుతాయా? అది తెలుసుకుని చేయించుకుందామని ఆస్పత్రికి వెళ్లింది.

ఆస్పత్రిలో రోగులతో మాట్లాడే పని శేషగిరి అనే చిలకది. శేషగిరి ఆమెను ముందుగా నమూనా కొమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. కొమ్మకు ఒక చివర బక్కపలచని గువ్వ కూర్చుని ఉంది. రెండో చివర పుష్టిగా ఒక పచ్చపావురం.

"అటు చివర ఆపరేషన్‌కు ముందు. ఇటు చివర తరవాత," అన్నాడు శేషగిరి.

"ఇద్దరూ వేరేవేరే కదండీ," అంది వకుళ.

"ఆత్మ ఒకటేనమ్మా."

కొమ్మ మధ్యలో ఆపరేషన్ అయినవాళ్లు కొందరు రొమ్ము విరుచుకుని కూర్చున్నారు. పిచ్చుకలు వాళ్లకు గింజలు తెచ్చి నోట్లో పెడుతున్నాయి.

"వీళ్లెవరూ ఎగరడం లేదే?"

"ఎందుకు ఎగరాలి తల్లీ? రావలసిన చోటికి వచ్చేశారుగా."

అంటూనే శేషగిరి ఒక మేడిపండు తెంపి ఆమె నోటికందించాడు. అది ఆ ఆస్పత్రి పద్ధతి. ఆపరేషన్‌కు ముందు రోగి ప్రశ్న వేస్తే దాన్ని ప్రశ్నగా తీసుకోరు. భయం అనే జబ్బుకు లక్షణంగా తీసుకుంటారు. భయానికి మందు మేడిపండు. ప్రశ్నకొకటి చొప్పున ఇస్తారు. అడగడం ఆపేస్తే భయం తగ్గినట్టు లెక్క, అప్పుడు బల్ల ఎక్కిస్తారు.

"నాకు భయం లేదండీ," అంది వకుళ పండు మింగి. "పిల్లలకు పాలు వస్తాయో రావో చెప్పండి చాలు."

శేషగిరి ఇంకో పండు అందించాడు. "బాగా భయపడుతున్నారమ్మా. మీకు పెద్దది కావాలి."

వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. సూరాలు అనే అడవికోడి. రెండు వానాకాలాల కిందట ఇక్కడే ఆపరేషన్ చేయించుకుంది. ఇప్పుడు ఆమె రొమ్ము ఒకవైపు రాయిలా గట్టిపడింది. రెండోవైపు ఉండ జారిపోయి రెక్క కిందకు చేరింది. దాంతో ఆమె నడుస్తుంటే ఎవరినో చంకలో పెట్టుకుని వెళ్తున్నట్టుంటుంది.

"మళ్లీ ఎందుకొచ్చావక్కా?" అంది వకుళ.

"ఎందుకేమిటే, ఇవి తీయించి కొత్తవి పెట్టించుకోవాలట. జన్మంతా ఉండేవి కావుట. ఎప్పటికప్పుడు మారుస్తూ ఉండాలట."

"ముందే చెప్పలేదా?"

"అడగలేదుగా అన్నారు. అడిగానయ్యా అంటే, అది భయం అన్నారు. నోట్లో పండు కుక్కితే ఇంకేం అడుగుతాం? ముట్టుకుని చూడు, ఇక్కడ. నాకు తెలీడం లేదు. ఇదివరకు నా పిల్లలు ఇక్కడ దూరి పడుకుంటే వెచ్చగా తెలిసేది. ఇప్పుడు ఉన్నారో లేచిపోయారో వంగి చూసుకోవాలి."

వకుళ మూడో పండు తీసుకోలేదు.

సూరాలు అక్కడితో ఆగలేదు. అడవి సభకు వెళ్లి అధ్యక్షుడైన ఏనుగు ముందు రొమ్ము చూపించి ఫిర్యాదు చేసింది. ఏనుగు చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఏదైనా చాలాసేపే ఆలోచిస్తాడు.

"ఏమయ్యా శేషగిరీ, ఈ ఆపరేషన్ మంచిదేనా?"

"మంచిది కాబట్టే చేస్తున్నాం, చేస్తున్నాం కాబట్టే మంచిది, అయ్యగారూ. అయినా జనానికి నమ్మకం కుదరాలంటే ఒక ఉపాయం ఉంది. మా డాక్టరుగారే చేయించుకుంటారు. అందరి ఎదుటా. అప్పుడు ఎవరూ నోరెత్తరు."

సభ మెచ్చుకుంది. డాక్టరుగారి త్యాగానికి అభినందనలు తెలుపుతూ తీర్మానం చేశారు. డాక్టరుగారు మాత్రం సభలో లేరు. ఎవరికో కోత పెడుతున్నారు.

అనుకున్న రోజుకు ఆస్పత్రి చుట్టూ కొమ్మలన్నీ నిండిపోయాయి. ఏనుగు ముందు వరసలో నిలబడ్డాడు. డాక్టరు తరవాత బల్ల ఎక్కవలసింది వకుళే. భయం తగ్గిందో లేదో తేలకపోయినా వంతు వచ్చేసింది. అందుకని బల్లకు దగ్గర కొమ్మ మీదే కూర్చోబెట్టారు. డాక్టరుకు ఆపరేషన్ చేసేది ఆయన బావమరిది, ఇంకో వడ్రంగిపిట్ట.

డాక్టరు బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. ఆ బల్లను కింద నుంచి చూడటం ఆయనకు అదే మొదలు.

"ఒరే బావమరిదీ, నువ్వు ఇదివరకు ఎవరికి చేశావురా?" అన్నాడు.

"ఓ గుగ్గిలం చెట్టుకు చేశాను."

"బతికే ఉందా?"

"నేను మళ్లీ అటు వెళ్లలేదు బావా."

డాక్టరు శేషగిరి వైపు తల తిప్పాడు. "ఏమయ్యా, రొమ్ము ఇంత ఎత్తున ఉంటే నేను చెట్టును పట్టుకున్నప్పుడు ముక్కు మానుకు ఆనుతుందా?"

శేషగిరి అలవాటు కొద్దీ మేడిపండు అందించాడు.

"పండు కాదయ్యా. ఆనుతుందా ఆనదా? నా కూడంతా చెట్టులో ఉంది. లోపల బంక గట్టిపడితే తీసేదెవరు? తీస్తే చర్మం మళ్లీ బిగుస్తుందా? ఎన్నాళ్లకోసారి మార్చాలి? జ్వరమొస్తే ఎవరి దగ్గరికి పోవాలి?"

"బాగా భయపడుతున్నారు సార్," అన్నాడు శేషగిరి, అయిదు పండ్లు పక్కన పేర్చి.

"ఇది భయం కాదు. ఇది శాస్త్రం."

సూరాలు మెల్లగా, "ఇన్నాళ్లకు చదువుకుంటున్నాడు," అంది.

వకుళ ఒక గెంతు గెంతి బల్ల అంచున వాలింది. ఇంకోసారి ఈయన పడుకుని దొరకడని ఆమెకు అర్థమైంది.

"డాక్టరుగారూ, నాదీ ఒక్కటుంది. మెడ కింద సంచి పక్కన కోస్తే నా పిల్లలకు పాలు ఊరుతాయా?"

డాక్టరు ఆమె వంక చూశాడు. పై నుంచి చూసినన్నాళ్లూ ఆయనకు ఈకలే కనిపించేవి.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "చెట్లకైతే కోసిన చోటే పాలు వచ్చేవి."

ఆ ఆస్పత్రిలో ఆపరేషన్‌కు ముందు ఒక రోగికి దొరికిన మొదటి జవాబు అది. వకుళ నమస్కారం పెట్టి ఇంటికి ఎగిరిపోయింది. బావమరిది ముక్కు నూరుకుని ఇటు తిరిగేసరికి బల్ల కూడా ఖాళీగా ఉంది.

మర్నాడు డాక్టరు సభకు వచ్చి ఒక ప్రకటన చేశాడు. లోతుగా పరిశీలించిన మీదట ఈ ఆపరేషన్ వడ్రంగిపిట్టలకు పనికిరాదని తేలిందట. మిగతా పక్షుల విషయంలో ఎలాంటి మార్పూ లేదట.

అదే ఆస్పత్రి కొంప ముంచింది. కొంగలు వచ్చి, మా సంగతీ పరిశీలించండి అన్నాయి. తరవాత పికిలిపిట్టలు వచ్చాయి, పాలపిట్టలు వచ్చాయి. ప్రతి జాతీ తనకు పనికిరాదని రాయించుకునేదాకా కదల్లేదు. చివరికి ఈ ఆపరేషన్ పనికొచ్చే పక్షి కోసం శేషగిరి అడవంతా వెతికాడు. ఉష్ట్రపక్షికి పనికొస్తుందేమో గానీ, అది ఆ అడవిలో ఉండదు.

సూరాలు రొమ్ములోని ఉండలు ఎవరు తీయాలన్నది సభ పరిశీలనలో ఉంది. ఏనుగు ఆలోచిస్తున్నాడు.

వానలు వచ్చాయి. వకుళ రెండు గుడ్లు పెట్టింది, రెండూ పిల్లలయ్యాయి. అవి తల్లి గొంతులోకి ముక్కులు దూర్చి పాలు తాగుతుంటే సూరాలు ఒక పక్కకు ఒరిగి నడుచుకుంటూ చూడటానికి వచ్చింది.

"ఇంక చేయించుకోవన్నమాట," అంది.

"చేయించుకుంటానేమో అక్కా. ఇప్పటికీ నాకు చిన్నదే అనిపిస్తుంది," అంది వకుళ. "వీళ్లు ఎగిరిపోనీ. జవాబు చెప్పే డాక్టరు దొరకనీ."

"దొరికితే నాకూ చెప్పు."

నీతి: రోగి అడిగితే భయం, డాక్టరు అడిగితే శాస్త్రం, అందుచేత ఏ ఆపరేషన్‌కైనా డాక్టరు బల్ల ఎక్కే రోజు చూసుకుని వెళ్లడం క్షేమం.