బానెట్టు మీద దిష్టిబొమ్మ

ఆ శనివారం పొద్దున గోవిందరాజులు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య హనుమమ్మ సంతకు పోయి వచ్చేలోగా ఇంటి ముందున్న తన పాత అంబాసిడర్ మీద పిల్లల చేత బొమ్మలు వేయించాలి. బొమ్మలున్న కారును పాత ఇనుముకు వేయడానికి ఎంత హనుమమ్మకైనా మనసొప్పదని ఆయన ధీమా.

హిందూపురం నుంచి ధర్మవరానికీ బెంగుళూరుకూ ఏళ్ల తరబడి బాడుగకు తిరిగిన కారు అది. సుమోలు వచ్చాక దాన్ని పిలిచేవాళ్లు లేకపోయారు. టైర్లు కూలబడి, ఎదురింటిని చూస్తూ కూర్చుంది. "ఆదివారం పాత ఇనుము కొనే గుజిరీ అంగడి అంజనప్ప వస్తాడు. తూకానికి ఇచ్చేస్తాండా. జాగా అంతా అదే తినేసింది" అని హనుమమ్మ తేల్చి చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి గోవిందరాజులుకు అన్నం సయించడం లేదు.

హైస్కూలు డ్రాయింగు టీచరు ప్రమీల, వీధి పిల్లలందరూ కలిసి బొమ్మలు వేయడానికి ఒక పాత బండి కోసం వెతుకుతుంటే గోవిందరాజులే తన కారు చూపించాడు. ఎవరింట్లో ఏ పని ఉంటే ఆ బొమ్మ వేయాలని ఆమె షరతు. మగ్గాల ఇళ్ల పిల్లలు తలుపుల మీద చీర అంచులు దించారు. డిక్కీ నిండా పట్టుగూళ్లు వెలిశాయి. గోవిందరాజులు మంచం మీద కూర్చుని కథలు మొదలుపెట్టాడు.

"ఈ ఎనక సీట్లోనే ఇద్దరు పుట్టినారు. ఆసుపత్రి దాకా ఆగల్యా వాళ్లు" అని నవ్వి, అంతలోనే గొంతు తగ్గించాడు. "రేపు గుజిరీకి పోతాది పాపం."

రోజా అనే పిల్ల ఆ మాట విని, ఎర్రరంగు డబ్బా అందుకుంది. కాసేపటికి బానెట్టు నిండా గుడ్లు మిటకరించి, కోరమీసాలతో, నాలుక చాపిన దిష్టిబొమ్మ తయారైంది. "ఇంక నీ కారు మీద ఎవరి కన్నూ పడదు తాతా" అంది. గోవిందరాజులు కళ్లు తుడుచుకున్నాడు.

ఎదురింటి ఉలిగప్ప మొన్ననే కొత్తింటి పైకప్పుకు మోల్డింగ్ వేయించాడు. దిష్టిబొమ్మ ఎవరింటి మీద ఉంటే వాళ్ల చెడు పోతుందని, పోయి ఎదురింట్లో దిగుతుందని ఆ వీధిలో అందరికీ గట్టి నమ్మకం.

"గోవిందన్నా, మా కొత్తింటి పక్క నాలిక సాపి పెట్టినావే. నేనేం అన్యాయం చేసినాను నీకు?"

"పిల్లోళ్లు గీసినారబ్బా."

"గీసింది ఎవురైతేనేమి, అది చూస్తాండేది మా ఇంటినే గదా."

చెరిపేద్దామా అని ప్రమీల అడిగింది. రోజా మొహం చూసి గోవిందరాజులు ఒప్పుకోలేదు. టైర్లకు గాలి కొట్టించి, నలుగురు తోసి, కారును ఎడమకు తిప్పారు. ఆ పక్క బాలనాగమ్మ పిండిమర ఉంది. తిప్పిన కాసేపటికే కరెంటు పోయి మర ఆగింది. రోజూ అదే వేళకు కరెంటు పోతుందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"మళ్లీ తిప్పండప్పా దాన్ని" అని బాలనాగమ్మ చీర కొంగు బిగించింది. కుడికి తిప్పితే తిమ్మప్ప హోటల్లో పాలు విరిగాయి. పాలు ఎప్పటివని ఎవరూ అడగలేదు. సాయంత్రానికి కారు నాలుగు దిక్కులూ చూసేసింది. ముందుజాగ్రత్తగా ఉలిగప్ప తన ఇంటికి బూడిద గుమ్మడికాయ కట్టాడు, బాలనాగమ్మ పాత చెప్పు వేలాడదీసింది, తిమ్మప్ప అద్దం తగిలించాడు. వీధి వీధంతా ఒకరి దిష్టి ఒకరికి తగలకుండా కాచుకుంటూ నిలబడింది.

ఆదివారం గుజిరీ అంగడి అంజనప్ప ట్రాక్టరు తెచ్చాడు. బొమ్మలు చూసినా మనసు మారని హనుమమ్మ కారు వైపు చెయ్యి చూపించింది. గోవిందరాజులు స్టీరింగు పట్టుకుని లోపలే కూర్చున్నాడు, దిగలేదు. అంజనప్ప బానెట్టును చూశాడు, గుమ్మడికాయను చూశాడు, చెప్పును చూశాడు. చేతిలో తాడు మళ్లీ చుట్టుకున్నాడు.

"వీధి దిష్టంతా తాగిండే బండి ఇది. దీన్ని సుత్తితో కొట్టమంటావా నన్ను? నాకూ పిల్లోళ్లు ఉండారమ్మా. అయినా మీకేం తిక్క? దీని వీపు మీ ఇంటి పక్కకి పెట్టుకుంటే సాలు గదా, కాపలా కాస్తాది."

ముందుగా తేరుకున్నది ఉలిగప్ప. "అన్నా, మోల్డింగ్ ఆరేదాకా మా ఇంటి ముందర పెట్టు. వీపు మా పక్కకి ఉండల్ల."

"ముందు నా మర కాడికి" అంది బాలనాగమ్మ. హోటలు వదిలి తిమ్మప్ప కూడా వచ్చాడు. హనుమమ్మ అందరినీ కసిరి, వరస ఆమే వేసింది. అందరూ చేయి వేసి కారును తోసుకుపోయారు. రోజా ముందు నడుస్తూ దారి చూపించింది.

ఆ సాయంత్రం గోవిందరాజులు మంచం వాల్చుకుని ఖాళీ జాగాను చూస్తూ కూర్చున్నాడు. కారు బతికినందుకు సంతోషంగానే ఉంది. తన ఇంటి ముందు లేనందుకు గుండెలో వెలితిగానూ ఉంది. "ఎన్ని దినాలకి వస్తాది ఇంటికి?" అని భార్యను అడిగాడు. "ఊరి బయట కొత్త ఇండ్లోళ్లు కూడా అడిగి పోయినారు" అని ఆమె లోపలి నుంచే చెప్పింది.

వీధిలో వంతులు అయ్యాక కారు ఆ కొత్త ఇండ్లకు పోయింది. ఇప్పుడు తన కారును చూసుకోవాలంటే గోవిందరాజులు రోజూ ఊరి చివరిదాకా నడిచిపోవాలి. మోకాళ్లకు అదే మంచిదని డాక్టరు చెప్పాడట.