పై వాటాలో ముసలాయన

కళ్లజోళ్లాయనకు లోకం మీద చాలా అభిప్రాయాలున్నాయి. చూపు పరీక్షకు వచ్చినవాళ్లు యంత్రంలో గడ్డం ఆనించి కదలకుండా కూర్చోవాలి కాబట్టి, షాపులో ఆయనకు ఇంతవరకూ ఎవరూ ఎదురు చెప్పలేదు. మనుషులు ఫోనులో తల దూర్చి పక్కింటివాళ్ల మొహాలు మరిచిపోయారని ఎడమ కన్ను చూస్తూ, వీడియో గేములు వచ్చాక పిల్లలకు భయమూ భక్తీ పోయాయని కుడి కన్ను చూస్తూ చెప్పి, అద్దాలు రాసి పంపేవాడు.

అలాంటివాడి ఇంట్లోనే సొంత మరదలు వీడియో గేములు ఆడి జీతం తెచ్చుకుంటోంది. కంపెనీ తయారుచేసిన ఆటను జనంలోకి వదిలేముందు ఆడి చూసి, ఎక్కడ ఏ తప్పుందో చెప్పడం ఆమె పని. పై అంతస్తులో మెట్ల పక్కనున్న చిన్న గది ఆమెది, మిగతాదంతా అద్దె వాటా. ఆ వాటా చాలాకాలంగా ఖాళీ. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ గదిలోంచి తుపాకుల మోతా చావుకేకలూ విని మెట్ల మీంచే వెనక్కి తిరిగేవారు. దాంతో కళ్లజోళ్లాయన తేల్చేశాడు. ఈసారి కూడా వాటా ఖాళీగా మిగిలితే మరదలు ఆ ఉద్యోగం మానేసి షాపులో కూర్చోవాలి. ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం. షాపంటే రోజంతా బావ అభిప్రాయాలు వినడం, అక్కడ తలుపు గడియ పెట్టుకునే వీలు కూడా లేదు.

ఆ ఆదివారం ఉదయం రిటైరైన టీచరమ్మ ఒకావిడ వాటా చూడ్డానికి వస్తోంది. మరదలు తుపాకుల జోలికి పోకుండా ఏదో ఒక సాధువైన ఆట పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా ఇయర్‌ఫోన్లు తగిలించుకోవాలని ఏర్పాటు. మరదలు కళ్ల డాక్టరు చదువుతోందని ఆయన టీచరమ్మకు ముందే ఫోనులో చెప్పేశాడు. ఉన్నమాట చెబితే పోయేదేముందని భార్య అంటే, సమాజంలో పరువొకటి ఏడ్చిందని ఆమె నోరు మూయించాడు. మరదలు ఏం ఆడుతుందో తప్ప ఎలా పనిచేస్తుందో ఆయన ఏనాడూ అడగలేదు. చూసిన ప్రతి తప్పునూ అప్పటికప్పుడు పైకి చెప్పి రికార్డు చేయాలన్నది ఆ కంపెనీ నియమం.

టీచరమ్మ కళ్లజోళ్లాయన వెంట నెమ్మదిగా మెట్లెక్కింది. మబ్బు పట్టిన ఉదయం, మూసి ఉంచిన ఇల్లు. లోపల గాలి చల్లగా, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టుగా ఉంది. మూసిన తలుపు వెనకనుంచి మరదలి గొంతు నింపాదిగా వినిపించింది.

"మెట్ల మీద ఒక ముసలాయన ఉన్నాడు. నీడ పడటం లేదు."

టీచరమ్మ ఆగిపోయింది. కళ్లజోళ్లాయన బలవంతాన నవ్వాడు. లేనివి ఉన్నట్టు కనబడే జబ్బొకటి ఉందనీ, ఆ పాఠమే మరదలు పైకి చదువుకుంటోందనీ చెప్పి ఆవిడను గబగబా వంటింట్లోకి నడిపించాడు. ఆవిడ సింకు దగ్గర నిలబడి కుళాయి మీద చెయ్యి వేసింది.

"వంటింట్లోకి వచ్చాడు. సింకు పక్కన నిలబడి కుళాయి వంక చూస్తున్నాడు."

టీచరమ్మ చెయ్యి తీసేసింది. ఈసారి కళ్లజోళ్లాయన అది మరదలు ఫోనులో చెబుతున్న పేషెంటు సంగతి అన్నాడు.

"పాఠం అన్నావు కదా బాబూ?"

"పాఠంలో పేషెంటేనమ్మా," అన్నాడు. అంటూనే సింకు వైపు ఓసారి చూశాడు. కిటికీ మూసే ఉంది. అయినా మెడ మీద చల్లగా ఏదో తగిలింది. మరదలు తలుపు సందులోంచి చూస్తూ కావాలనే ఆటపట్టిస్తోందని మనసులో పళ్లు నూరుకున్నాడు.

"గోడలోంచి పడగ్గదిలోకి పోయాడు. పక్కనే తలుపున్నా వాడుకోవడం లేదు."

ఇద్దరూ పడగ్గది గుమ్మంలోకి వచ్చారు. గది ఖాళీగా ఉంది.

"గుమ్మం వైపు తిరిగాడు. ఎవరికోసమో చూస్తున్నాడు."

కళ్లజోళ్లాయన గుమ్మంలోంచి ఒక్క గెంతు వెనక్కి వేశాడు. ఇక దాచలేక అంతా కక్కేశాడు. చదువూ లేదు, పేషెంటూ లేడు, మరదలు ఆడేది గేమమ్మా, అంతా బొమ్మలు అని చెప్పి, వెళ్లి ఆ తలుపు దబదబా బాదాడు.

మరదలు తలుపు తీసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆట అంటే ఖాళీ ఇల్లొకటి కట్టుకుని సర్దుకోవడమేనట. కొలతలు బాగా తెలిసిన ఇల్లు కదా అని తమ పై వాటానే అందులో కట్టుకుందట. ఈ ముసలాయన వేరే ఆటలోంచి పొరపాటున వచ్చి ఉంటాడనుకుని కంపెనీకి రాస్తే, ఇప్పుడే జవాబొచ్చింది.

"ఈ ఆటలో మనుషులు లేరట బావగారూ. అసలు మనిషి బొమ్మే గీయలేదట."

కళ్లజోళ్లాయన నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు ఏ అభిప్రాయమూ తట్టలేదు.

టీచరమ్మ వాళ్లిద్దరినీ దాటుకుని వెళ్లి తెర ముందు కూర్చుంది. తెర మీది ఖాళీ పడగ్గదిలో చొక్కా తిరగేసి తొడుక్కున్న ముసలాయన ఒకరు నిలబడి ఉన్నారు. ఆవిడ చాలాసేపు చూసింది. కళ్లు నిండాయి. భయం మాత్రం లేదు, ఎక్కడో తప్పిపోయిన మనిషి దొరికినంత సంతోషం ఉంది.

"మావారు. పోయి ఏడాది దాటింది," అంది. "కళ్లజోడు లేకపోతే గోడేదో తలుపేదో తెలియదు పాపం. చొక్కా కూడా చూడు, నేను దగ్గర లేకపోతే ఇంతే."

ఏ ఇంట్లో చేరాలన్నా ముందు ఆయనే వచ్చి చూసి వెళ్లేవారట. ఆయన పోయాక ఎన్ని ఇళ్లు తిరిగినా ఆవిడ మనసు ఒప్పలేదట.

"ఆయనకు నచ్చినట్టుంది. రేపే దిగుతాను బాబూ."

తెర మీద ముసలాయన, ఆవిడకు చోటిస్తున్నట్టుగా, కొంచెం పక్కకు జరిగారు. టీచరమ్మ అడ్వాన్సు కళ్లజోళ్లాయన చేతిలో పెట్టి, పడగ్గది గుమ్మం వైపు తల ఊపి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

కళ్లజోళ్లాయన అడ్వాన్సు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. కాసేపటికి మరదలి కంప్యూటరు టింగుమంది. ఆ బొమ్మ ఎలా వచ్చిందో తమకూ అంతుబట్టడం లేదనీ, సాయంత్రానికల్లా తీసేస్తామనీ కంపెనీవాళ్లు రాశారు. సరేననమంటారా అని మరదలు బావను అడిగింది.

"అలా ఎలా తీసేస్తారమ్మా, అద్దెకున్నవాళ్లని," అన్నాడు కళ్లజోళ్లాయన.