నిచ్చెన మీద కటింగ్

రండి, రండి. బయట నిలబడ్డవాళ్ళు లోపలికి జరగండి, లోపలున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకోండి. ఆ మూల ఫోన్లో మాట్లాడేవాళ్ళు "మళ్ళీ చేస్తా" అని చెప్పి పెట్టేయండి. మొగుడూ పెళ్ళాలెవరైనా దెబ్బలాడుకుంటుంటే ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకుని కాసేపు ఆపండి. నేను చెప్పబోయేది మనందరి బాగు కోరే విషయం.

ఆ విషయం ఏమిటంటే, మనుషులకి ఇంతవరకు జరిగిన మేళ్ళన్నిటిలోకీ పెద్ద మేలు, ఆఫీసువాళ్ళు వస్తువులు కొనడానికి పెట్టుకున్న రూల్సు.

నవ్వకండి. నిప్పు గొప్పదే, చక్రం గొప్పదే, కాదనను. కానీ చక్రం కనిపెట్టినవాడు ముందుగా మూడు కొటేషన్లు తెచ్చాడా? తేలేదు. తోచింది, చేసి పారేశాడు. అందుకే చూడండి, ఈ రోజుకీ రోడ్ల మీద యాక్సిడెంట్లు.

నేను గోడలకి రంగులు వేసేవాణ్ణి. నా చదువంతా రంగు డబ్బాల మీద రాసి ఉన్నంతే. అలాంటివాడికి ఈ రూల్సు సంగతి ఎలా తెలుసంటారా? మా బావ వల్ల తెలిసింది.

బావ అంటే మా అక్క మొగుడు. సెలూన్లో కటింగ్ చేస్తాడు. ఆయన చేతి పనితనం ఎలాంటిదంటే, ఒకసారి కబుర్లు చెబుతూనే ఎగురుతున్న ఈగకి మీసాలు ట్రిమ్ చేశాడు. ఈగ అద్దంలో అటూ ఇటూ చూసుకుని మరీ వెళ్ళింది. నా కళ్ళతో చూశాను. అలాంటి మనిషికి పోయినేడు లారీ తగిలి, ఎడమ కాలు మోకాలి కిందికి తీసేశారు. చేతులు రెండూ లక్షణంగా ఉన్నాయి. రోజంతా ఒంటికాలి మీద నిలబడటమే కుదరటం లేదు.

సెలూన్ ఓనరు మంచివాడే. "నీ చోటు నీకే ఉంచుతానయ్యా. కానీ ఎన్నాళ్ళని ఉంచను? కొత్తోడొకడు రోజూ వచ్చి నీ కుర్చీని తడిమి చూసి పోతున్నాడు" అన్నాడు.

బావకి కావలసింది ఒక్కటే. కింద చక్రాలు, ఎత్తు పెంచుకోవడానికీ దించుకోవడానికీ ఒక మర ఉన్న స్టూలు. దాని మీద కూర్చుని కస్టమరు చుట్టూ తిరుగుతూ పని చేసుకుంటాడు. మా వీధి వడ్రంగి విని, "ఓస్, ఇంతేనా? సాయంత్రానికల్లా చేసి పడేస్తా" అన్నాడు.

చూశారా, ఎంత ప్రమాదం తప్పిందో. సాయంత్రానికి స్టూలు వచ్చేసేది. మర్నాడు బావ పనిలోకి వెళ్ళిపోయేవాడు. ఇక మీకు చెప్పడానికి నా దగ్గర ఏం మిగిలేది?

అదృష్టం కొద్దీ ఎవరో ఒక ఆఫీసు గురించి చెప్పారు. దెబ్బ తగిలి పని పోయినవాళ్ళని మళ్ళీ పనిలో నిలబెట్టడానికే పెట్టిన ఆఫీసు. పనిముట్లు వాళ్ళే కొనిస్తారట, పెట్టుడు కాలు కూడా వాళ్ళే ఇప్పిస్తారట. స్టూలంటే వడ్రంగి చేస్తాడు గానీ కాలు చెయ్యలేడు కదా. దాని ధర వింటే ఉన్న కాలు కూడా వణుకుతుంది. అందుకని అక్కా నేనూ బావని చెరో రెక్కా పట్టుకుని తీసుకెళ్ళాం.

అక్కడ కొనుగోళ్ళు చూసే సారు నెమ్మదస్తుడు. బావకి కుర్చీ వేయించి, చంటిపిల్లాడికి గోరుముద్దలు పెట్టినట్టు ఒక్కో రూలూ చెప్పాడు. స్టూలూ కాలూ ఒకే ఫైలు. ముందు పనిముట్టు వస్తుంది. అది వాడుతూ మనిషి పనిలో కుదురుకున్నాడని ఇన్‌స్పెక్టరు కళ్ళారా చూస్తే, అప్పుడు కాలు వస్తుంది.

"అంటే సార్, నేను ముందు నిలదొక్కుకున్నానని చూపిస్తే, నిలబడటానికి కాలిస్తారన్నమాట" అన్నాడు బావ.

"అంతే. ఎంత చక్కగా అర్థం చేసుకున్నావు" అని సారు మెచ్చుకున్నాడు.

"మరి ఈలోగా మా వీధి వడ్రంగి చేత స్టూలు చేయించుకోవచ్చా?" అంది అక్క.

"అమ్మమ్మా, ఆ పని మాత్రం చెయ్యకండి. వస్తువు వేరే చోట దొరికిందంటే అవసరం తీరిపోయినట్టు. ఫైలు మూసెయ్యాలి."

"మూసేస్తే కాలో?"

"కాలు ఫైల్లోనే ఉంటుంది కదమ్మా."

అక్క నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. గోడకి రంగు బాగానే వేశారు.

పోనీ ఆ స్టూలేదో వడ్రంగి దగ్గరే కొనమన్నాం. కొనరట. ఆఫీసు జాబితాలో పేరున్నవాళ్ళ దగ్గరే కొనాలి. పేరెక్కాలంటే అంతకుముందు ఆఫీసుకి ఏదైనా అమ్మి ఉండాలి. వడ్రంగికి ఈ మాట చెబితే ఉలి కింద పెట్టి చాలాసేపు ఆలోచించాడు. "అయితే మొదటివాడు ఎలా ఎక్కాడో?" అన్నాడు. ఆ రోజంతా అతను మరో పని ముట్టుకోలేదు. చూడండి, చెక్క తప్ప మరో ధ్యాస లేని మనిషిని ఒక్క రూలు వేదాంతిని చేసేసింది.

మీరు ఆ ఆఫీసు బెంచీ మీద ఒకసారి కూర్చుని చూడాలి. ఎంత చుట్టరికం కలుస్తుందో. మా పక్కన ఒక టైలరమ్మ ఉండేది. కాళ్ళు కదలవని చేత్తో తిప్పే కుట్టుమిషను అడిగింది. మిషను ఈ ఏడాది నిధుల్లో వచ్చింది, సూది వచ్చే ఏడాది నిధుల్లో వస్తుంది. ఆవిడ ఈలోగా సూది లేకుండానే చేతికి అలవాటవుతుందని గుడ్డ పెట్టి తిప్పుతోంది. ఇంకొకాయన బేకరీలో పనిచేసేవాడు, చూపు పోయింది. బరువు పైకి చెప్పే కాటా అడిగాడు. మూడు ధరల్లో తక్కువది చూసి కొన్నారు. అది మాట్లాడుతుంది, అందులో సందేహం లేదు. ఏది పెట్టినా "స్వాగతం" అంటుంది. పిండి పెట్టినా స్వాగతమే, ఏమీ పెట్టకపోయినా స్వాగతమే. ఇంత మర్యాద తెలిసిన కాటా మీ ఇంట్లో ఉందా?

ఇక మా మూడు కొటేషన్ల సంగతి. కాగితం మీద "స్టూలు" అని రాయకూడదన్నాడు సారు. రాస్తే ముందే ఒక రకం వస్తువు వైపు మొగ్గినట్టవుతుంది, మిగతా వస్తువులకి అన్యాయం. అందుకని ఆయనే ఓపిగ్గా రాసిచ్చాడు: మనిషి కూర్చోగలగాలి, ఎత్తు మార్చుకోగలగాలి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపగలగాలి. చక్రాలన్న మాట కూడా తీసేశాడు. చక్రాలు లేనివి చిన్నబుచ్చుకుంటాయి కదా.

ఆ కాగితం పట్టుకుని అక్క ఊరంతా తిరిగింది. ఫర్నిచర్ షాపువాడు ఒకటి రాసిచ్చాడు. ఆసుపత్రి సామాన్లు అమ్మేవాడు ఒకటి రాసిచ్చాడు. మూడోది ఎవరూ రాయరు. ఏడాది ముగిసిపోతోంది, ముగిస్తే నిధులు వెనక్కి పోతాయి. చివరికి ఒక నిచ్చెనల కొట్టు ముందు అక్క చెప్పు తెగింది. చెప్పు కుట్టించుకునే దాకా కూర్చోమని కొట్టాయన నీడ చూపించి, సంగతి విని, "పోనీలేమ్మా, లెక్కకి మూడోది కావాలి, అంతేగా. నేను అమ్మేదాని ధరే రాసిస్తాను, ఎవరు చూడొచ్చారు" అని రాసిచ్చాడు. ఆయన పేరు జాబితాలో ఉంది కూడా. ఎప్పుడో ఆఫీసుకి బల్బులు మార్చే నిచ్చెన అమ్మాడట.

ధరలు విప్పి చూశారు. తక్కువది ఎవరిది?

ఊహించారు కదూ.

ఏడాది ఆఖరి వారంలో సెలూన్ ముందు ఒక బండి ఆగింది. ఇద్దరు మనుషులు మడత నిచ్చెన దింపి, బావ చేత సంతకం పెట్టించుకుని పోయారు. మంచి నిచ్చెన. నేను పాతికేళ్ళుగా అద్దె నిచ్చెనల మీద వేలాడుతున్నవాణ్ణి, నిచ్చెన విలువ నాకు తెలుసు. బావ దాని వంక చూశాడు. దాని కాళ్ళ వంక చూశాడు. తన కాలి వంక చూసుకున్నాడు.

"ఏరా బామ్మర్దీ, దీనికే నాకన్నా ఎక్కువున్నాయి" అన్నాడు.

అక్క కొంగు బిగించి ఆఫీసుకి వెళ్ళింది. "ఏం సార్, కాలు లేని మనిషికి నిచ్చెన కొన్నారేంటి?"

సారు నొచ్చుకోలేదు. "దాని మీద కూర్చోవచ్చామ్మా?"

"మెట్టు మీద కూర్చోవచ్చు."

"ఎత్తు మార్చుకోవచ్చా?"

"ఏ మెట్టు మీద కూర్చుంటే అంత ఎత్తు."

"జరపొచ్చా?"

"భుజాన వేసుకుంటే జరుగుతుంది."

"మరింకేం?"

న్యాయంగా చెప్పండి, ఏ మాటకి మీరు తప్పు పట్టగలరు? నిచ్చెన కడిగిన ముత్యంలా పాసయింది. స్టూలైతే ఒక్క ఎత్తుకో రెండు ఎత్తులకో పరిమితం. నిచ్చెన మీద కూర్చుని కటింగ్ చేస్తే ఆకాశమే హద్దు. జిరాఫీ వచ్చి కూర్చున్నా బావ కాదనక్కర్లేదు.

పైగా ఇంకో రూలు. ఆఫీసు కొన్న వస్తువుని అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, అరువివ్వకూడదు, చెప్పిన పనికి తప్ప మరో పనికి వాడకూడదు. దానివల్ల నాలాంటివాడి శీలం నిలబడింది. సొంత బావ దగ్గర కొత్త నిచ్చెన నిగనిగలాడుతుంటే, నేను పక్క వీధిలో పుల్లల నిచ్చెన అద్దెకి తెచ్చుకుని, అది ఊగితే నేనూ ఊగుతూ గోడలకి రంగులేస్తున్నాను. ఆశని జయించడం అంటే మాటలా?

ఈలోగా ఆ కొత్తోడు సెలూన్‌కి తన దువ్వెన కూడా తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఓనరు బావతో, "ఈ వారంలో కుర్చీ దగ్గర కనబడకపోతే నన్ను తప్పు పట్టకు" అన్నాడు. ఆ మాట వడ్రంగి చెవిన పడింది. వేదాంతం పక్కన పెట్టి, చెప్పినట్టే సాయంత్రానికల్లా స్టూలు చేసి తెచ్చాడు. చక్రాలు, మర, కింద కాలు ఆనించుకోవడానికి చిన్న చెక్క. బావ దాని మీద కూర్చుని ఒక్కసారి నేలని తన్నాడు. కుర్చీ చుట్టూ గుండ్రంగా తిరిగొచ్చాడు. అక్క మొహం పక్కకి తిప్పుకుంది. పౌడరు కళ్ళలో పడిందని చెప్పింది. అక్కడ ఎవరూ పౌడరు వెయ్యలేదు.

అప్పటి నుంచీ ఏర్పాటు ఇది. బావ స్టూలు మీద పని చేస్తాడు. నిచ్చెన పక్కన నిలబడి ఉంటుంది. ఎదురు కొట్టాయనకి ఇన్‌స్పెక్టరు కనబడితే గట్టిగా తుమ్ముతాడు. తుమ్ము వినగానే స్టూలు మీద దుప్పటి పడాలి, బావ నిచ్చెన మీద పడాలి. స్టూలు కనబడిందా, ఫైలు మూత, కాలు అందులోనే.

ఇంత గొప్ప రూల్సు ఎందుకు పెట్టారంటే, ఎవరూ చిల్లిగవ్వ కూడా దొంగిలించకూడదని. నిజమే, ఎవరూ దొంగిలించలేదు. సారు తినలేదు, నిచ్చెనల కొట్టాయన తినలేదు, వడ్రంగి చెక్క డబ్బులు కూడా తీసుకోలేదు. అంత పటిష్ఠంగా కాపలా కాసిన చోట తుమ్ము వినబడితే దొంగలా గుండె దడదడలాడేది ఒక్క మా బావకే. ఆయన చేసిన నేరం, కూర్చుని పని చేసుకోవడం.

మొన్న తుమ్ము వినబడింది. నేను పరుగెత్తి బావని ఎత్తి నిచ్చెన మీద కూలేశాను. కింద కస్టమరు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. బావ ఒక చేత్తో మెట్టు, ఒక చేత్తో కత్తెర పట్టుకుని, చెట్టు కొమ్మ మీంచి మామిడికాయ కోసేవాడిలా వంగి కటింగ్ మొదలుపెట్టాడు.

ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చి తలెత్తి చూశాడు. "ఎలా ఉందయ్యా పనిముట్టు?"

"బాగుంది సార్. ఇక్కణ్ణుంచి అందరి సుళ్ళూ కనబడుతున్నాయి."

ఆయన తృప్తిగా పెన్ను తీశాడు. సరిగ్గా అప్పుడు బావ ఒరిగాడు, నిచ్చెన కదిలింది, దాని కాలు వెళ్ళి దుప్పటికి తగిలింది. వడ్రంగి చక్రాలు ఎంత బాగా చేశాడో అప్పుడు తెలిసింది. స్టూలు ముసుగుతో సహా గదంతా దాటుకుంటూ వచ్చి, ఇన్‌స్పెక్టరు బూట్ల ముందు వినయంగా ఆగింది.

ఆయన దుప్పటి ఎత్తాడు. "ఇదేంటి? స్టూలు కదూ?"

ఓనరు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. నిచ్చెన మీద బావ కత్తెర ఆగిపోయింది. అప్పుడు పక్క కుర్చీలో గెడ్డానికి నురుగు పూయించుకుని కూర్చున్న ముసలాయన ఒక మాట అన్నాడు. ఆయన మాకు చుట్టం కాదు, తెలిసినవాడు కాదు, గెడ్డం కోసం వచ్చాడు, అంతే. ఇన్‌స్పెక్టరు ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు, రూల్సు పుస్తకం తీసి చూసుకున్నాడు, తలూపాడు, దుప్పటి మళ్ళీ జాగ్రత్తగా కప్పాడు, కాలు ఇవ్వవచ్చని రాసి సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. పెట్టుడు కాలికి కొలతలు తీసుకోవడానికి వచ్చే వారం రమ్మన్నారు.

ముసలాయన నురుగు చెదరకుండా అన్న మాట ఇదీ:

"దానికింకా మూడు కొటేషన్లు రాలేదు బాబూ. వచ్చేదాకా అది స్టూలెలా అవుద్ది?"