మేకులు పట్టే పళ్ళు

తడి తువ్వాలు కుర్చీ వీపు మీద ఆరేయవచ్చా, కూడదా అన్న తగువుతో ఆ ఇంట్లో తెల్లవారింది. కుర్చీ తను చేసిందే కాబట్టి దాని మీద ఏం ఆరేయాలో తనే నిర్ణయిస్తానన్నాడు మేస్త్రీ. తువ్వాలు ఉతికేది తను కాబట్టి అది ఎక్కడ ఆరాలో తను చెప్పాలంది భార్య. ఆ కుర్చీలో కూర్చునేది తను కాబట్టి తడిసేది తన వీపేనని ఆవిడ అత్తగారు వంటింట్లోంచి గుర్తుచేసింది. ఎవరూ గెలవకముందే తువ్వాలు ఆరిపోయింది. భార్యాభర్తలు మాత్రం మాటలు మానేశారు.

మామూలు రోజైతే ఆ మౌనం మధ్యాహ్నం దాకా నిలిచేది కాదు. ఎందుకంటే మేస్త్రీ సుత్తి పట్టుకుంటే పక్కన నిలబడి మేకులు అందించేది ఆవిడే. ఒకప్పుడైతే ఆ అవసరం ఉండేది కాదు. గుప్పెడు మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే ముందు పళ్ళ మధ్యకు తోసి, ఎడమచేత్తో అందుకుని కుడిచేత్తో కొట్టేయడం మేస్త్రీ పద్ధతి. చూసేవాళ్ళకు ఆయన మేకుల్ని నమిలి ఉమ్ముతున్నాడేమో అనిపించేది. ఏ పని అడిగినా "ఒక్క పూట" అనేవాడు. ఊళ్ళో ఆయన పేరు కూడా పూట మేస్త్రీ అనే స్థిరపడింది.

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. మేస్త్రీకి రాయి కూడా అక్కర్లేకపోయింది. ఒకనాడు కొత్తగా బిగించిన తలుపు సరిగ్గా కూర్చుందో లేదోనని మోకాళ్ళ మీద వంగి సందులోంచి చూస్తుంటే, అవతలి నుంచి తల్లి తలుపు తీసింది. ముందు పళ్ళు రెండూ పోయాయి. తలుపు మాత్రం చాలా బాగా కూర్చుంది.

అప్పటినుంచి ఆవిడ చేయి మేకుల డబ్బాకి అతుక్కుపోయింది. మణికట్టుకి అయస్కాంతం కట్టుకోమని ఎవరో సలహా ఇస్తే, మేకు రుచి తెలియకుండా కొడితే పని కుదరదన్నాడు. ఆవిడ కుట్టుపనిలో దిట్ట. పక్కవీధి బడిలో కుట్టు టీచరు ఉద్యోగం ఆవిడ కోసం ఆగి ఉంది. "మీ ఆయనకి పళ్ళు రాగానే చేరమ్మా. వచ్చే నెల మొదటి సోమవారం దాటితే మాత్రం ఇంకొకరిని చూసుకోవాలి" అని హెడ్మిస్ట్రెస్ తేల్చి చెప్పింది. కన్నబిడ్డ పళ్ళ కోసం కూడా ఏ తల్లీ అంతగా ఎదురుచూసి ఉండదు.

పళ్ళ డాక్టరమ్మ ఓపికగానే చెప్పింది. దవడ ఎముకలోకి చిన్న స్క్రూలు బిగిస్తారు. వాటి చుట్టూ ఎముక పెరిగి గట్టిగా పట్టుకోవడానికి నాలుగైదు నెలలు పడుతుంది. ఆ తరవాతే వాటిమీద అసలు పళ్ళు కూర్చోబెడతారు. అందాకా మెత్తటి తిండి తినాలి, నోరు శుభ్రంగా ఉంచుకోవాలి, బీడీ జోలికి పోకూడదు. నలుగురిలో నవ్వడానికి మాత్రం ఊడదీసి పెట్టుకునే పళ్ళ ప్లేటు ఒకటి ఇస్తారు.

"స్క్రూ పట్టడానికి నెలలెందుకండీ? నేనైతే ఒక్క పూటలో మంచం నిలబెడతా" అన్నాడు మేస్త్రీ.

"మంచం మీద మీరు పడుకుంటారు. ఎముకలో స్క్రూ పడుకోవాలి, దానికి తొందర పనికిరాదు" అంది డాక్టరమ్మ.

స్క్రూలు బిగించడం అయింది, వాపు తగ్గింది, కుట్లు తీసేశారు, ప్లేటు వచ్చింది. అద్దంలో చూసుకుంటే తనకే ముచ్చటేసింది. ఊరందరికీ పూటలో పని చేసిపెట్టే మనిషి, తన నోటి పని నెలలు పడుతుందని ఇంట్లో ఎలా చెప్పుకుంటాడు? చెప్పుకోలేదు. "అయిపోయింది. ఎముకలో దిగ్గొట్టారు, ఇక ఏనుగు లాగినా రావు" అని ప్రకటించాడు. అత్తగారు వేలితో తట్టి చూస్తానంటే తల వెనక్కి తీసుకున్నాడు.

కాబట్టి తువ్వాలు తగువు రోజున భార్య మేకుల డబ్బా బల్లమీద పెట్టి, చీర మార్చుకుని, సోమవారం చేరతానని చెప్పడానికి బడికి వెళ్ళింది. మేస్త్రీ అదే బడికి చేసిన చెక్కబీరువాకి అడుగుపలక కొడుతున్నాడు. తీసుకెళ్ళడానికి బడి అటెండరు, బండివాడు వచ్చి నిలబడ్డారు. వాళ్ళ ముందు మేస్త్రీ పాత పద్ధతిలోనే మేకులు నోట్లో పోసుకున్నాడు. సగం పని అయ్యేసరికి రంపంపొట్టు ముక్కులోకి వెళ్ళింది. తుమ్మాడు. ప్లేటు ఊడి, మేకుతో సహా పలక సందులోంచి బీరువా అడుగున ఉన్న బోలు పీఠంలోకి జారిపోయింది.

మేస్త్రీ నోరు మూసుకున్నాడు. ఏనుగు లాగినా రాని పళ్ళు తుమ్ముకే వచ్చాయని ఇద్దరు పరాయివాళ్ళ ముందు పలక ఊడదీసి చూపించడమా? వాళ్ళు కాస్త అటు తిరిగితే తీసుకుందామనుకుని, కింద రాలిన మేకులు ఏరి మిగతా పలక కొట్టేశాడు. వాళ్ళు తిరగలేదు. "అయిపోయినట్టేనా మేస్త్రీ?" అని అటెండరు అడిగాడు. నోరు తెరిచి కాదనడానికి వీల్లేక మేస్త్రీ తలూపాడు. మరుక్షణం బీరువా బండెక్కింది.

బడిలో హెడ్మిస్ట్రెస్ గదిలో భార్య తన సంతోషవార్త చెబుతూ ఉండగా బీరువా లోపలికి వచ్చింది. దించుతుంటే గలగలమంది. తలుపులు తీసి చూస్తే అరలన్నీ ఖాళీ. మూసి కదిపితే మళ్ళీ గలగల. అటెండరు చెవి ఆనించి విని, "పళ్ళు కొరుకుతున్నట్టుందమ్మా" అన్నాడు. ఆ బీరువా గురించి అంతకన్నా నిజమైన మాట ఆ రోజు ఎవరూ అనలేదు, కానీ ఎవరూ పట్టించుకోలేదు.

అంతలో మేస్త్రీ వచ్చాడు. మూతికి చేతిరుమాలు, చేతిలో ఉలి. ఎవరినీ పలకరించకుండా బీరువాని పక్కకి వాల్చి అడుగుపలక ఊడదీయడం మొదలుపెట్టాడు. ఏమిటిదని అడిగితే తన నోరు చూపించాడు, బీరువాని చూపించాడు, చేతులు జోడించాడు.

"ఏమంటున్నాడమ్మా మీ ఆయన?" అని అడిగింది హెడ్మిస్ట్రెస్.

భార్య ముఖం ఎర్రబడింది. ఆవిడకి అంతా అర్థమైపోయింది, అదీ పూర్తిగా తప్పుగా. "నేను ఉద్యోగంలో చేరితే ముద్ద ముట్టడట. చేసిన వస్తువు కూడా విరగ్గొట్టి పోతాడట. పొద్దున్న తువ్వాలు గురించి అన్నదానికి ఇదీ సాధింపు" అని అనువదించి పెట్టి, భర్త వైపు తిరిగింది. "తినకపోతే మానండి. నేను చేరడం చేరడమే."

మేస్త్రీ రెండు చేతులూ ఊపాడు. చేరవద్దంటున్నాడని అటెండరు ధ్రువీకరించాడు. పిల్లలు కిటికీలకి వేలాడుతున్నారు. నిరాహారదీక్ష మానమని హెడ్మిస్ట్రెస్ స్వయంగా గ్లాసుతో నీళ్ళు అందించింది. మింగలేక కక్కలేక మేస్త్రీ ఉలి మీద ఒక్క దెబ్బ వేశాడు.

పలక లేచింది. గులాబీరంగు ప్లేటు దొర్లుకుంటూ వచ్చి హెడ్మిస్ట్రెస్ చెప్పుల దగ్గర ఆగింది. దానికి తెల్లటి పళ్ళు రెండు, వాటి మధ్య ఒక మేకు.

హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు సవరించుకుంది. "ఇవి బీరువాతో పాటు వస్తాయా?"

"కాదండీ, నావి" అన్నాడు మేస్త్రీ రుమాలు తీసి.

నిజమంతా అక్కడే, అందరి ముందూ బయటపడింది. అసలు పళ్ళు రావడానికి ఇంకా నెలలు పడుతుందని, ఇవి నవ్వడానికేనని, వీటితో దారం తెంపొద్దు, సీసా మూత తీయొద్దు అని డాక్టరమ్మ అంది గానీ మేకుల మాట ఎత్తలేదని చెప్పుకున్నాడు.

"అసలువి వచ్చాక మేకులు పట్టొచ్చా?" అని అడిగింది భార్య. ఆవిడ గొంతులో కోపం లేదు. ఆవిడ ఉద్యోగం ఆశంతా ఆ ఒక్క జవాబు మీద ఉంది.

మేస్త్రీ నేల చూశాడు. "ఆవిడని అడగలేదు. అడిగితే వద్దంటుందని."

ఊడిన పలక వేలాడుతోంది. మేకులు పట్టడానికి పళ్ళు లేవు, అందించమనడానికి ముఖం చెల్లదు. భార్య ఆయన చేతిలోంచి సుత్తి లాక్కుంది. ఏడవాల్సిన మనిషి మేకులు కొట్టింది. ఒక్కొక్క మేకు రెండే దెబ్బలకి తల దాకా దిగిపోయింది. వంకర పోయింది ఒక్కటీ లేదు. ఇన్నాళ్ళూ పక్కన నిలబడి మేకులు అందిస్తూ ఆవిడ గోడ చూస్తూ ఉండలేదు మరి. పని అయ్యాక హెడ్మిస్ట్రెస్ ఆవిడని వరండాలోకి పిలిచి చాలాసేపు మాట్లాడింది.

దారిలో డాక్టరమ్మ దగ్గర ఆగారు. ఆవిడ పట్టకారుతో మేకు లాగి, స్క్రూలు కదల్లేదని చూసి ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడే కాదు, అసలు పళ్ళు వచ్చాక కూడా మేకు పెట్టారంటే స్క్రూ మీది పన్ను విరుగుతుందని, మళ్ళీ ఇలాంటి పని మీద తన దగ్గరికి రావద్దని మేస్త్రీకి గట్టిగా చెప్పింది.

రాత్రి భోజనాల దగ్గర మేస్త్రీ మెత్తగా పిసికిన అన్నం కలుపుకుంటూ ఇంటి పెద్దగా గొంతు సవరించుకున్నాడు. జరిగిందేదో జరిగిందని, సోమవారం నుంచి మళ్ళీ మేకులు అందించక తప్పదని అన్నాడు.

"తప్పదు. బడిలో కుట్టు పోస్టు వేరే ఆవిడకి ఇస్తున్నారు. నాకు వడ్రంగం నేర్పే టీచరు పోస్టు ఇచ్చారు. ఎన్నాళ్ళుగానో ఖాళీగా ఉందట. నేను కొడుతుంటే మేకులు అందించడానికి ఒక మనిషి కావాలన్నారు, మీ పేరు చెప్పి వచ్చాను" అంది భార్య.

అత్తగారు కొడుకు వైపూ కోడలి వైపూ చూసి, రోజంతా డబ్బా పట్టుకుంటే వాడి చేయి లాగుతుందని, మేకులకి నడుముకి కట్టుకునే గుడ్డసంచీ ఒకటి ఉంటే బాగుంటుందని అంది.

సలహా మంచిదే గానీ, ఆ ఇంట్లో ఇక కుట్టేవాళ్ళెవరూ లేరు.